వాటా అమ్మితే పాపం పోతుందా?

1602 ఆగస్టు నెలంతా ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెస్ వీధిలో, డిర్క్ వాన్ ఓస్ అనే వర్తకుడి ఇంట్లో ఒక పుస్తకం తెరిచే ఉంది. తూర్పు దేశాలకు ఓడలు పంపబోయే కొత్త కంపెనీలో వాటా కావాలనుకున్నవాళ్లు వచ్చి, పేరూ పెట్టబోయే మొత్తమూ అందులో రాయించుకుని వెళ్లారు. పెద్ద వర్తకులు వేలకు వేలు రాశారు. చిన్నవాళ్లు వందల్లో రాశారు. నెల తిరిగేసరికి ఒక్క ఆ ఊళ్లోనే 1,143 మంది తేలారు. వాళ్లలో నేల్ట్‌గెన్ కోర్నెలిస్ అనే ఆమె వాన్ ఓస్ ఇంట్లోనే పనిమనిషి. ఆమె రాయించింది 100 గిల్డర్లు.

అదే డచ్ ఈస్టిండియా కంపెనీ. ఆరు ఊళ్ల శాఖలూ కలిపి పోగైన మూలధనం 64 లక్షల గిల్డర్ల పైచిలుకు. పెద్ద వాటాదారుల్లో పీటర్ లింట్‌గెన్స్ అనే వర్తకుడు ఒకడు. మతరీత్యా అతను మెనొనైట్. క్రైస్తవుడన్నవాడు కత్తి పట్టరాదు, ఎవరి ప్రాణమూ తీయరాదు అని నమ్మి, ఆ నమ్మకం కోసం తరాల తరబడి హింసలు పడ్డ శాఖ అది. మిరియాల కోసం డబ్బు పెట్టిన లింట్‌గెన్స్‌కి కొద్దికాలానికే అసలు సంగతి తెలిసింది. కంపెనీ ఓడల్లో మిరియాల సంచులకు ముందు ఫిరంగులు ఎక్కుతున్నాయి. 1603 ఫిబ్రవరిలో సింగపూర్ దగ్గర డచ్ నావికులు శాంతా కతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. అందులోని చైనా పట్టూ పింగాణీ ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో 30 లక్షల గిల్డర్లు దాటి పలికాయి. తోటి వాటాదారులు సంబరపడ్డారు. లింట్‌గెన్స్ మాత్రం ఈ డబ్బు తనకు వద్దనుకుని వాటాలు అమ్ముకున్నాడు.

అతని బాటలో మరికొందరు మెనొనైట్లు కూడా కదులుతుంటే కంపెనీ పెద్దలకు గుబులు పుట్టింది. సముద్రం మీద శత్రువు సరుకు పట్టుకోవడం ధర్మమేనని రుజువు చేసే గ్రంథం రాసిపెట్టమని హ్యూగో గ్రోషియస్ అనే పాతికేళ్లు కూడా నిండని న్యాయవాదిని పురమాయించారు. అతను రాశాడు కూడా. ఒక్క అధ్యాయం మాత్రం 1609లో స్వేచ్ఛా సముద్రం పేరుతో అచ్చయి, అంతర్జాతీయ న్యాయానికి పునాదుల్లో ఒకటిగా నిలిచింది. మిగతా రాతప్రతి రెండున్నర శతాబ్దాలు మరుగున పడి, 1868లో గానీ అచ్చు కాలేదు. కొందరు వాటాదారుల మనసులో ముల్లు గుచ్చుకోవడమే ఆ రచనకు ఒక కారణమన్న సంగతి మాత్రం మర్చిపోకూడనిది.

ఇంతకీ లింట్‌గెన్స్ వాటాలు అమ్మాక ఏం మారింది? కంపెనీ ఖజానా నుంచి ఒక్క గిల్డరు కూడా బయటికి రాలేదు. ఒక్క ఫిరంగి కూడా తగ్గలేదు. పుస్తకంలో ఒక పేరు కొట్టేసి, ఇంకో పేరు రాసుకున్నారు. డబ్బు ఉన్నచోటే ఉంది, చేసే పనే చేస్తోంది. మారిందల్లా దానికి యజమాని ఎవరన్నదే. కత్తిని చూసి బాధపడే యజమాని పోయి, బాధపడని యజమాని వచ్చాడు.

మూలధనం స్థిరంగా ఉండే కంపెనీ ముందున్న ధర్మసంకటం అంతా ఇక్కడే ఉంది. నాలుగు వందల ఏళ్లు గడిచినా అది తేలలేదు. ఇవాళ యూరప్‌లో కొత్త పెట్టుబడి ఫండును ఇదే రూపంలో స్థాపించేటప్పుడు కూడా అదే ప్రశ్న ఎదురుగా నిలబడుతుంది.

ఆ రూపం ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడాలి. మామూలు మ్యూచువల్ ఫండు సంగతి మనకు తెలిసిందే. ఎప్పుడు కావాలంటే అప్పుడు యూనిట్లు కొనొచ్చు, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఫండుకే తిరిగి ఇచ్చేసి, ఆనాటి నికర ఆస్తి విలువ ప్రకారం డబ్బు పట్టుకుపోవచ్చు. వెళ్లేవాళ్లు ఎక్కువైతే ఫండు తన షేర్లు అమ్మి మరీ చెల్లించాలి, అంటే నిధి నిజంగానే చిక్కిపోతుంది. స్థిర మూలధన కంపెనీలో ఈ వెసులుబాటు లేదు. లక్సెంబర్గ్, బెల్జియం, స్విట్జర్లాండ్, ఇటలీ చట్టాల్లో దీన్ని సికాఫ్ అంటారు. లక్సెంబర్గ్‌లో పబ్లిక్ కంపెనీగా పెట్టాలంటే 1915 నాటి కంపెనీల చట్టం ప్రకారం నోటరీ ఎదుట స్థాపన పత్రం రాయాలి. కంపెనీ పేరు, ఉద్దేశం, మూలధనం ఎంత, వాటాలు ఎన్ని, అన్నీ అందులో ఉంటాయి. ఆస్తులు భద్రపరిచే బ్యాంకు వేరే ఉండాలి. ఆ మూలధనం పెంచాలన్నా తగ్గించాలన్నా డైరెక్టర్లు గదిలో కూర్చుని తేల్చేస్తే చాలదు. మామూలుగా వాటాదారుల ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలవాలి, మూడింట రెండొంతుల ఓట్లు రావాలి, మళ్లీ నోటరీ దగ్గరికి వెళ్లాలి. వాటాదారుకి డబ్బు అవసరమైతే తన వాటా కొనేవాణ్ని వెతుక్కోవలసిందే.

ఫండు నడిపేవాళ్లకు ఇందులో లాభం స్పష్టంగా ఉంది. వంతెనలు, ఫ్యాక్టరీలు, అడవులు, ఇళ్ల సముదాయాలు లాంటి పదేళ్లకు గానీ పండని వాటిలో డబ్బు పెట్టినప్పుడు, మార్కెట్ బెదిరిన రోజున అందరూ గుమ్మం ముందు వరస కట్టి డబ్బు ఇమ్మంటే ఎలా? స్థిర మూలధనం ఆ భయం తీరుస్తుంది. డచ్ కంపెనీకి ఈ సుఖం ఊరికే రాలేదు. మొదటి చార్టర్‌లో పదేళ్లకు లెక్కలు తేల్చి, వెళ్లదలచినవాళ్ల డబ్బు ఇచ్చేయాలని రాసుకున్నారు. 1612లో గడువు వచ్చింది. దూర సముద్రాల్లో కోటలూ ఓడలూ అయిపోయిన డబ్బు వెనక్కి ఎక్కడి నుంచి తెస్తారు? ప్రభుత్వం ఆ షరతును పక్కన పెట్టనిచ్చింది. అప్పటి నుంచీ ఆ మూలధనానికి వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. వాటా అమ్ముకోవడమొక్కటే మిగిలింది.

ఇంగ్లండులో కథ వేరే దారిలో వచ్చి ఇక్కడికే చేరింది. 1868లో ఫిలిప్ రోజ్ అనే న్యాయవాది చొరవతో లండన్‌లో ఫారిన్ అండ్ కలోనియల్ గవర్నమెంట్ ట్రస్ట్ పుట్టింది. 100 పౌండ్ల సర్టిఫికెట్ 85 పౌండ్లకు ఇచ్చి, వచ్చిన సొమ్ముతో రకరకాల దేశాల ప్రభుత్వ బాండ్లు కొన్నారు. కోటీశ్వరుడికి దొరికే భద్రత మధ్యతరగతివాడికీ అందాలన్నది వాళ్లు చెప్పుకున్న ఆశయం, అది మంచి ఆశయమే. 1879లో సైక్స్ వర్సెస్ బీడన్ అనే కేసులో జార్జ్ జెస్సెల్ అనే న్యాయమూర్తి, ఇరవైమందికి మించి లాభం కోసం కూడితే కంపెనీగా నమోదు కావలసిందేనని, ఇలాంటి ట్రస్టులు చట్టవిరుద్ధమని అన్నాడు. మరుసటి ఏడాదే పై కోర్టు మరో కేసులో ఆ మాట కాదంది. ఈలోపే ఫారిన్ అండ్ కలోనియల్ కంపెనీగా మారిపోయింది. నేటికీ లండన్ మార్కెట్‌లో దాని వాటాలు చేతులు మారుతూనే ఉన్నాయి.

ఆ బాండ్ల జాబితాలో ఈజిప్టు ఉంది. ఆ దేశాన్ని ఏలే ఖేదివ్ ఇస్మాయిల్ ఎడాపెడా అప్పులు చేస్తే, ఆ వడ్డీ కట్టడానికి నైలు ఒడ్డున రైతుల మీద పన్నులు విరుచుకుపడ్డాయి. 1876లో ప్రభుత్వం అప్పు కట్టలేక చేతులెత్తేసింది. ఖజానా మీద ఫ్రెంచి, ఇంగ్లీషు అధికారులు కూర్చున్నారు. 1882లో అలెగ్జాండ్రియా మీద బ్రిటిష్ ఫిరంగులు పేలాయి. లండన్‌లో 85 పౌండ్లు పెట్టి, ఆరు నెలలకోసారి వడ్డీ తీసుకున్న మనిషి నైలు రైతు ముఖం ఎన్నడూ చూడలేదు. అతను ఎవర్నీ కొట్టలేదు, ఎవరింటి మీదికీ పోలేదు. అయినా రైతు కట్టిన పన్నుకీ అతని టీ బల్లకీ మధ్య తెగని దారం ఒకటి ఉంది.

మరి తప్పెవరిది? కంపెనీదా? పదమూడో శతాబ్దంలో నాలుగో ఇన్నోసెంట్ పోప్ ఈ చిక్కుముడిలో ఒక పోగు లాగాడు. సంఘాలనూ మఠాలనూ పట్టణాలనూ మొత్తంగా వెలివేసే ఆచారం అప్పట్లో ఉండేది. 1245లో లియోన్‌లో జరిగిన చర్చి సభ దాన్ని నిషేధించింది. సంఘం అనేది చట్టం కోసం ఊహించుకున్న మనిషి, దానికి ఆత్మ లేదు, ఆత్మ లేనిదాన్ని వెలివేయడమేమిటి అన్నది ఆయన వాదనలో సారం. తప్పు చేసిన మనుషులనే విడివిడిగా పట్టుకోవాలన్నాడు. చెయ్యనివాణ్ని శిక్షించకూడదన్న న్యాయబుద్ధి అందులో ఉంది. కానీ కాలక్రమేణా ఈ మాటకు ఇంకో అంచు మొలిచింది. ఆత్మ లేదు కాబట్టి కంపెనీకి పాపం అంటదు. వాటాదారు చెయ్యి పెట్టలేదు కాబట్టి అతనికీ అంటదు. మేనేజరు యజమానుల కోసం చేశాడు కాబట్టి తనకు అంటదంటాడు. పాపం జరిగిన మాట నిజం, మోసేవాడు మాత్రం లేడు.

తెలుగువాళ్లకు ఈ సన్నివేశం కొత్త కాదు. దారి కాచి దోచుకునే వాల్మీకి కథ చిన్నప్పుడు వినని ఇల్లుండదు. అధ్యాత్మ రామాయణంలో ఆయనే స్వయంగా రాముడికి తన కథ చెప్పుకుంటాడు. నువ్వు తెచ్చే సొమ్ము తింటున్నవాళ్లు నీ పాపంలోనూ పాలు పంచుకుంటారేమో అడిగి రమ్మంటారు మునులు. పెళ్లాంపిల్లలు నిక్కచ్చిగా చెబుతారు: పాపమంతా నీదే, ఫలం మాత్రం మాది. లాభంలో వాటా ఉంది, పాపంలో లేదు. పరిమిత బాధ్యత సూత్రం ఇంత సూటిగా ఏ చట్టంలోనూ కనిపించదు. కథ వాల్మీకి పశ్చాత్తాపంతో ముందుకు సాగిపోతుంది. ఆ ఇంటివాళ్ల జవాబు ధర్మమా కాదా అన్నది ఎవరూ తేల్చలేదు. కథ విన్న ప్రతివాడూ ఆ ఇంటివాళ్ల వైపు నుంచి ఒక్కసారి ఆలోచించి ఉండవలసింది.

ఆలోచించినవాళ్లు లేకపోలేదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో మాంసం గురించి చెప్పిన చోట హింసకు బాధ్యుల జాబితా ఒకటి ఉంది. చంపినవాడితో ఆగలేదు. అనుమతించినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరినీ హంతకుల పంక్తిలోనే కూర్చోబెట్టింది. మనువు చెప్పిన ఎన్నో విషయాలను ఈ కాలం తోసిపుచ్చింది, తోసిపుచ్చవలసిందే కూడా. ఈ జాబితాలోని చూపు మాత్రం పదునైనది. కొన్నవాడి పక్కనే అమ్మినవాడూ ఉన్నాడు చూడండి. అమ్మేశాను కాబట్టి నాకు సంబంధం లేదనే మాట ఆ లెక్కలో చెల్లదు. జైనులు ఇదే విషయాన్ని మూడు మెట్లలో చెబుతారు: తాను చేయడం, ఇతరుల చేత చేయించడం, చేస్తే ఆమోదించడం. యోగసూత్రాల్లోనూ ఇదే విభజన ఉంది. వాటాదారు మొదటి మెట్టు మీద ఉండడు. రెండో మెట్టు మీద ఉన్నాడా లేదా అని వాదించుకోవచ్చు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో లెక్కలకు ఆమోదం తెలుపుతూ చెయ్యెత్తే మనిషి మూడో మెట్టు మీద లేడని అనడం కష్టం.

తిలా పాపం తలా పిడికెడు అంటాం. పిడికెడే కదా అని ప్రతివాడూ తేలిగ్గా మోసుకుపోతాడు, రాశి ఎంతుందో ఎవరికీ కనిపించదు. డచ్ కంపెనీ వాటాదారులకు మాత్రం ఒకసారి అది కళ్లెదుటే కనిపించింది. 1610లో కంపెనీ దగ్గర నగదు చాలక మొదటి డివిడెండును సరుకు రూపంలో పంచింది, వాటా విలువలో 75 శాతానికి జాపత్రి. ఆ ఎర్రటి రేకులు బాండా దీవుల్లో తప్ప ఆనాటికి లోకంలో ఇంకెక్కడా పండేవి కావు. అంత జాపత్రి ఒక్కసారి ఊళ్లో పడితే ధర పడిపోతుందని చాలామంది విసుక్కున్నారు. మరో పదకొండేళ్లకు, 1621లో, ఆ జాపత్రి, జాజికాయల మీద గుత్తాధిపత్యం కోసం యాన్ పీటర్స్‌జోన్ కూన్ అనే కంపెనీ గవర్నర్ జనరల్ సైన్యంతో బాండా మీద పడ్డాడు. దీవి పెద్దలు 44 మందిని బంధించి, కిరాయి సైనికుల చేత నరికించారు. సుమారు 15,000 మంది ఉన్న చోట, చావగా, పారిపోగా, బానిసలుగా పోగా, చివరికి ఓ వెయ్యిమంది మిగిలారు.

ఆ దారంలో ఒక పోగు మన ఒడ్డు నుంచీ పోయింది. బాండా ఉన్న మలుకు దీవుల్లో మసాలాలు కొనడానికి వెండి కంటే కోరమండల్ బట్టే ఎక్కువ చెల్లేది. అందుకే డచ్చివాళ్లు 1606 నాటికి గోల్కొండ సుల్తాను ఫర్మానా పట్టుకుని మచిలీపట్నంలోనూ, నిజాంపట్నంలోనూ కొఠీలు పెట్టారు. కోరమండల్ తీరం మలుకు దీవులకు ఎడమ చెయ్యి అని 1612లో వాళ్ల అధికారి ఒకడు రాసుకున్నాడు. కృష్ణా గోదావరి ఊళ్లలో మగ్గం మీద కూర్చున్న మనిషికి బాండా పేరే తెలియదు, కూలి తప్ప లాభంలో పాలూ లేదు. ఆమ్‌స్టర్‌డామ్ వాటాదారుకి రెండూ ఉన్నాయి. ఒకే దారానికి రెండు కొసలైనా ఇద్దరి పిడికెడూ ఒకటే అనలేం. తెలిసినదెంత, అందిన లాభమెంత, ఆపగల శక్తి ఎంత, ఈ మూడూ చూసి గానీ బరువు తూచకూడదు.

అమ్ముకుని పోవడంలో ఇంకో కష్టం ఉంది. 1994 జనవరిలో మోర్గాన్ స్టాన్లీ గ్రోత్ ఫండ్ కోసం మన దేశంలో జనం దరఖాస్తులు పట్టుకుని బారులు తీరిన సంగతి అప్పటి మదుపరులు ఇంకా చెప్పుకుంటారు. 10 రూపాయల యూనిట్, పదిహేనేళ్ల క్లోజ్డ్ ఎండెడ్ స్కీము. తర్వాత ఏళ్ల తరబడి ఆ యూనిట్లు మార్కెట్‌లో అసలు ఆస్తి విలువ కంటే తక్కువకే పలికాయి. క్లోజ్డ్ ఫండులకు ఇది లోకమంతటా ఉన్న జబ్బే. బయటపడాలంటే డిస్కౌంటు ఇచ్చుకోవాలి. అది డబ్బు కోసం బయటపడేవాళ్ల కథ. మనస్సాక్షి కోసం బయటపడేవాడికీ అదే డిస్కౌంటు వర్తిస్తుంది. అతను నష్టపోతే కొన్నవాడికి అదే డివిడెండు చవగ్గా దొరుకుతుంది. చెడు పనిచేసే కంపెనీ వాటాను మంచివాడు అమ్మినప్పుడల్లా, పట్టింపు లేనివాడికి ఎంతోకొంత బహుమతి ముడుతోంది. మొత్తం నిధిలో మనస్సాక్షి పాలు తగ్గుతూ పోతుంది. అలాగని లింట్‌గెన్స్ చేసినదానికి విలువ లేదనకూడదు. బాహాటంగా వెళ్లాడు కాబట్టే కంపెనీ తన ధర్మం గురించి లోకానికి సంజాయిషీ రాయించుకోవలసి వచ్చింది. చడీచప్పుడు లేకుండా అమ్మి ఉంటే అదీ జరిగేది కాదు.

వెళ్లనూ లేక, ఒప్పుకోనూ లేక నిలబడ్డ మనిషి ఒకడు ఇంగ్లండు దక్షిణ తీరాన కనిపిస్తాడు. ఫాల్మత్‌లో డాక్టర్ జోసెఫ్ ఫాక్స్ అనే క్వేకర్ వైద్యుడికి ఓడల్లో వాటా ఉండేది. 1778లో ఫ్రాన్సుతో యుద్ధం రాగానే తోటి వాటాదారులు ఓడలకు ఆయుధాలెక్కించి, శత్రు ఓడల్ని పట్టుకునే లైసెన్సు తెచ్చుకున్నారు. యుద్ధాన్ని పాపమనే క్వేకరు వద్దని మొత్తుకున్నాడు, వాళ్లు వినలేదు. ఫ్రెంచి ఓడలు చిక్కాయి, సొమ్ము వచ్చింది, అతని పాలు అతని ముందు పెట్టారు. ఇక్కడ ఫాక్స్ చేసిన పని గమనించదగింది. వద్దని తోసెయ్యలేదు. తోసేస్తే మిగతావాళ్లు పంచుకునేవారు. తీసుకుని, ఒక్క పెన్నీ వాడకుండా విడిగా దాచాడు. యుద్ధం ముగిశాక కొడుకు ఎడ్వర్డ్ లాంగ్ ఫాక్స్‌ను పారిస్ పంపాడు. ఆ కుర్రాడు అక్కడి పత్రికలో ప్రకటన వేయించి, సరుకు పోగొట్టుకున్న ఫ్రెంచివాళ్లను వెతికి వెతికి వాళ్ల సొమ్ము వాళ్లకు ముట్టజెప్పాడు.

ఈ పని ఎంత కష్టమో ఒక్కసారి ఊహించుకోండి. మొన్నటి దాకా శత్రుదేశం, పరాయి భాష, పేరూ ఊరూ తెలియని బాధితులు. డబ్బు వదులుకోవడం ఒక్క సంతకంతో అయిపోతుంది, అది ఎవరిదో వెతికి ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. వాల్మీకి ఇంటివాళ్లు ఇవ్వని జవాబును ఫాల్మత్ వైద్యుడు ఇచ్చాడు.

ఇస్లామీ ఆర్థిక విధానం దీన్నే ఒక పద్ధతిలో పెట్టింది. షరియా ప్రకారం నడిచే ఫండు మద్యం, జూదం, వడ్డీ వ్యాపారాల జోలికి పోదు. కానీ నేటి కంపెనీల్లో బ్యాంకు వడ్డీ తగలని కంపెనీ దొరకడం కష్టం కాబట్టి, నిషిద్ధమైన రాబడి మొత్తంలో 5 శాతం మించకపోతే వాటా కొనవచ్చని చాలా సంస్థలు అంగీకరిస్తాయి. ఆ కొద్దిపాటి భాగం లెక్కకట్టి, దాన్ని దానంగా ఇచ్చేయాలి. అది పుణ్యం కోసం చేసే దానం కింద లెక్క కాదు, తనది కాని సొమ్మును వదిలించుకోవడం మాత్రమే. ఫాక్స్ పద్ధతికీ దీనికీ ఒక్కటే తేడా. ఫాక్స్ నష్టపోయిన మనిషినే వెతికాడు.

ఉండి మాట్లాడటం ఇంకో దారి. ఇక్కడే కంపెనీ రూపానికి ఒక గుణం ఉంది. మన దేశంలో మ్యూచువల్ ఫండులన్నీ ట్రస్టులే. యూనిట్ కొన్నవాడికి ఫండు ఏ షేర్లు కొనాలన్న దాని మీద నోరెత్తే చోటు దాదాపు లేదు. స్థిర మూలధన కంపెనీలో వాటాదారుకి ఓటుంది, సమావేశంలో లేచి ప్రశ్న అడిగే హక్కుంది, డైరెక్టరును దింపే హక్కుంది. వెళ్లే దారి మూసినచోట మాట్లాడే దారి తెరిచి ఉంది. 1971లో అమెరికా ఎపిస్కోపల్ చర్చి అధిపతి జాన్ హైన్స్ జనరల్ మోటార్స్ వాటాదారుల సమావేశంలో నిలబడి, వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాఫ్రికా నుంచి కంపెనీ బయటికి రావాలని కోరాడు. డైరెక్టర్లలో లియాన్ సలివన్ అనే నల్లజాతి పాస్టరు ఒక్కడే ఆ తీర్మానాన్ని సమర్థించాడు. తీర్మానం చిత్తుగా ఓడింది. కానీ ఆ ప్రశ్న ఆగలేదు, 1986లో జనరల్ మోటార్స్ అక్కడి వ్యాపారం అమ్ముకుని వచ్చేసింది. ఉండి మాట్లాడటానికి కూడా గడువు ఉండాలన్నది ఇంగ్లండు చర్చి అనుభవం. చమురు కంపెనీలతో ఏళ్ల తరబడి చర్చించి చర్చించి, 2023 జూన్‌లో చర్చి నిధులు చూసే కమిషనర్లు పెద్ద చమురు కంపెనీల వాటాలన్నీ వదిలేస్తామని ప్రకటించారు.

ఇన్ని దారులూ అయిపోయాక ఇంకొంచెం వెనక్కి, ఫండు పుట్టే క్షణానికి వెళ్లవలసి ఉంటుంది. అది బాగా తెలిసినవాళ్లు మన దక్కనులోనే ఉన్నారు. నాసిక్ దగ్గర పదో నంబరు గుహ గోడ మీద క్షహరాట రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు చెక్కించిన శాసనం ఉంది. గోవర్ధన పట్టణంలోని ఒక నేతగాళ్ల శ్రేణి దగ్గర 2,000 కార్షాపణాలు నెలకు నూటికి ఒకటి వడ్డీకి, ఇంకో నేతగాళ్ల శ్రేణి దగ్గర 1,000 ముప్పావు వడ్డీకి ఉంచాడు. అసలు ఎప్పటికీ తిరిగి ఇవ్వనక్కరలేదు. వడ్డీతో గుహలో వర్షావాసం ఉండే భిక్షువులకు వస్త్రాలు, చిల్లర ఖర్చులు జరగాలి. తరువాత నహపానుణ్ని గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడు, రాజ్యం మారింది. అసలు, వడ్డీ, ఫలం ఎవరికన్న షరతు మాత్రం రాతి మీద ఇవాళ్టికీ చదువుకోవచ్చు. తంజావూరు పెద్ద గుడి శాసనాల్లో ఒక్కో అఖండ దీపానికి 96 గొర్రెలు. కాపరి రోజూ ఉళక్కు అనే కొలతతో నెయ్యి పోయాలి, ఒక గొర్రె చస్తే పిల్ల దాని స్థానంలోకి వస్తుంది, మంద లెక్క ఎన్నటికీ తగ్గకూడదు. మన ద్రాక్షారామం రాళ్ల మీద కూడా ఇలాంటి దీపదానాలు ఎన్నో ఉన్నాయి.

వీటిల్లో మూలధనం ఎంత స్థిరమో, దాని పని కూడా అంతే స్థిరం. 96 గొర్రెలూ దీపానికే. వాటిని అమ్మి కత్తులు కొంటామంటే కుదరదు. ఇవాళ్టి పెట్టుబడి కంపెనీ స్థాపన పత్రాల్లో ఉద్దేశం అనే పేరా తీసి చూడండి. చాలావాటిలో చట్టం అనుమతించే ఏ ఆస్తిలోనైనా పెట్టుబడి పెట్టవచ్చు అని తప్ప మరో మాట దొరకదు. డబ్బుకు కదలకుండా కాళ్లు కట్టి, దాని పనికి మాత్రం పగ్గాలు వదిలేసిన ఏర్పాటు అది. ధర్మం గురించి పట్టింపు ఉన్నవాళ్లు తమ శక్తిలో ఎక్కువ భాగం ఖర్చుపెట్టవలసింది ఇక్కడే, నోటరీ ముందు సంతకం పడకముందే. ఏ పనికి ఈ సొమ్ము వెళ్లకూడదో ఆ పత్రంలోకి ఎక్కితే, తర్వాత ఏ డైరెక్టరైనా దాన్ని దాటాలంటే మూడింట రెండొంతుల ఓట్లు సంపాదించాలి, ఆ ఓటు అందరి ఎదుటా పడాలి. వాటా ఎన్ని చేతులు మారినా ఆ షరతు వాటాతోపాటే వెళుతుంది. లింట్‌గెన్స్ అమ్మిన వాటాతో అలాంటిదేదీ వెళ్లలేదు. మన దగ్గర 2012 నాటి సెబీ నిబంధనలు ప్రత్యామ్నాయ పెట్టుబడి ఫండులను ట్రస్టుగానే కాక కంపెనీగానూ పెట్టుకోనిస్తున్నాయి. మొదటి రెండు తరగతుల ఫండులు కనీసం మూడేళ్లు క్లోజ్డ్‌గా ఉండాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అలాంటి ఫండు పెట్టేవాళ్లకు ఉషవదాతుడి పక్కన కూర్చుని ఆ ఉద్దేశం పేరా రాసుకునే అవకాశం ఉంది.

పని రాసి ఉన్నంత మాత్రాన చిక్కులు తీరిపోవు. 1704లో ఇంగ్లండులో పేద పాస్టర్ల జీతాల కోసం క్వీన్ ఆన్స్ బౌంటీ అనే నిధి పెట్టారు. ఉద్దేశం నిష్కల్మషమే. ఆ నిధి సొమ్ము సౌత్ సీ కంపెనీ యాన్యుటీల్లోకి వెళ్లింది. ఆ కంపెనీ కనీసం 96 సముద్ర యాత్రల్లో సుమారు 34,000 మంది ఆఫ్రికన్లను బానిసలుగా తరలించింది. ఆ నిధికి వారసులైన ఇంగ్లండు చర్చి కమిషనర్లు పాత పద్దులు తవ్వించి చూసుకుని, 2023 జనవరిలో తొమ్మిదేళ్లలో 10 కోట్ల పౌండ్లు కేటాయిస్తామన్నారు. ఆ సొమ్ముతో ఒక శాశ్వత పెట్టుబడి నిధి పెట్టి, దాని ఫలం బానిసత్వం దెబ్బతీసిన సమాజాలకు వెళ్లేలా చూడాలన్నది సంకల్పం. 2024 మార్చిలో సలహా సంఘం 10 కోట్లు ఏ మూలకన్నది, లక్ష్యం 100 కోట్లు కావాలంది. చర్చి లోపలి నుంచే అభ్యంతరాలు కూడా లేచాయి. యాన్యుటీల మీద వచ్చినది ప్రభుత్వం కట్టిన వడ్డీయే తప్ప బానిస వ్యాపారపు లాభం కాదని కొందరు చరిత్రకారులు అంటున్నారు. పేద పారిష్‌ల కోసం దాతలు ఇచ్చిన మూలధనాన్ని ఇంకో పనికి మళ్లించే హక్కు కమిషనర్లకు ఎక్కడిదని ఇంకొందరు అడుగుతున్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది మూడు వందల ఏళ్ల నాటి ఆ నిధి పద్దులే.